ఓరుగల్లు నుంచి పాత రేవుపట్నానికి: బందరు, మోటుపల్లి, భీమిలి, యానాం, తరంగంబాడిలలో ఏది ఎంచుకోవాలి?

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇళ్లలో సముద్రం చూడాలన్న మాట రాగానే అందరి నోటా వచ్చే పేరు విశాఖపట్నం. అందులో తప్పేమీ లేదు. కానీ పెద్ద నగరం వద్దు, కాస్త చరిత్ర ఉన్న చిన్న ఊరైతే బాగుంటుంది, పక్కనే సముద్రం ఉండాలి అనుకునేవాళ్లకు అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. బందరు వెళ్లమని ఒకరంటే, అక్కడేముంది, భీమిలికి వెళ్లమని ఇంకొకరంటారు. యానాం చూసొచ్చినవాళ్లు గోదావరి గురించి చెబుతారే తప్ప సముద్రం ఊసెత్తరు. ఈ ఐదు ఊళ్లలో ఏది ఎవరికి నప్పుతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక హెచ్చరిక. మన కళ్లు రాతికి అలవాటు పడ్డాయి. ఖిలా వరంగల్‌లో నేల మీద పడి ఉన్న ముక్కకూ చెక్కడం ఉంటుంది. రామప్ప గుడి ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడే ఉంది. ఆ కళ్లతో రేవుపట్నానికి వెళితే తొలి గంటలోనే నిరాశ తప్పదు. అక్కడి కట్టడాలు చాలావరకు ఇటుక, సున్నం. వాటిని ఉప్పుగాలి కొంత తింటే తుఫానులు మిగిలింది పడగొట్టాయి. పైగా రేవుపట్నం బతికేది సరుకు మీద. నది మేట వేసో, పక్క ఊళ్లో లోతైన రేవు దొరికో ఓడలు మళ్లిపోతే, వర్తకులూ వాటి వెంటే వెళ్లిపోతారు. ఖాళీ గిడ్డంగికి ఎవరూ జీర్ణోద్ధరణ చేయించరు. అందుకే ఈ ఊళ్లలో మిగిలినవి కొన్ని సమాధులు, ఒకటో రెండో శాసనాలు, పేటల పేర్లు, ఆనాటి చేతిపనులు. అవి చాలని అనిపించేవాళ్లకే ఈ ప్రయాణం. గోపురాలు, తోరణాలు కావాలంటే ములుగు రోడ్డు పట్టడమే మేలు.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొట్టమొదట, వెళ్లేది సముద్రం కోసమా, చరిత్ర కోసమా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. రెండూ సమానంగా దొరికే ఊరు ఈ ఐదింటిలో ఒకటే ఉంది. అది తమిళనాడులోని తరంగంబాడి, అన్నింటికంటే దూరం.

రెండోది దారి. చాలామంది రైలు ఎన్ని గంటలన్నది మాత్రమే లెక్క వేస్తారు. నిజానికి మనిషిని అలసట పెట్టేది రైలు దిగాక మిగిలే దూరం. రాత్రంతా పడుకుని వెళ్లిన పది గంటలకంటే, స్టేషన్ బయట సామాను పట్టుకుని రెండు బస్సులు మారడమే పెద్దవాళ్లకు కష్టం.

మూడోది తోడు వచ్చేవాళ్లు. పదేళ్లలోపు పిల్లలకు శాసనం ముందు పది నిమిషాలే ఓపిక. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఇసుకలో నడక, కొండ మెట్లు రెండూ వద్దు. చరిత్ర చదివే స్నేహితుడు వెంట ఉంటే ఒక్క సమాధి దగ్గరే పూట గడిచిపోతుంది.

ఇక నెల. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎక్కడికైనా వెళ్లవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త చూడకుండా బయలుదేరకూడదు. మే నెలలో ఈ ఊళ్ల జోలికి పోవద్దని నా గట్టి సలహా. మన ఎండ పొడిగా కాలుస్తుంది, తీరం ఎండ చెమటలో ఉడకబెడుతుంది. దానికి మనకు అలవాటు లేదు.

| ఊరు | వరంగల్ నుంచి దారి | కనీస సమయం | మిగిలిన ఆనవాళ్లు | సముద్రం | బస |
|---|---|---|---|---|---|
| బందరు (మచిలీపట్నం) | రైలులో విజయవాడ, అక్కడి నుంచి సుమారు 70 కి.మీ. బస్సు లేదా రైలు | రెండు రోజులు | డచ్చి సమాధులు, కోట శిథిలాలు, కలంకారీ | మంగినపూడి, ఊరికి సుమారు 11 కి.మీ. | జిల్లా కేంద్రం, ఇబ్బంది లేదు |
| మోటుపల్లి | రైలులో చీరాల, అక్కడి నుంచి ఆటో లేదా కారు | చీరాలతో కలిపి రెండు రోజులు | గణపతిదేవుని అభయ శాసనం, పాత గుళ్లు | వాడరేవు, సూర్యలంక | ఊళ్లో లేదు. చీరాల, బాపట్ల |
| భీమిలి | రాత్రి రైలులో విశాఖ, అక్కడి నుంచి సుమారు 25 కి.మీ. | రెండు రోజులు | డచ్చి సమాధులు, బౌద్ధ స్థలాలు | ఊరిని ఆనుకునే | కొద్దిగా. విశాఖలో కావలసినంత |
| యానాం | రాత్రి రైలులో కాకినాడ, అక్కడి నుంచి సుమారు 30 కి.మీ. | రెండు రోజులు | ఫ్రెంచి కాలపు చర్చి, వీధులు | లేదు. గౌతమి పాయ | ఉంది. కాకినాడలో ఇంకా ఎక్కువ |
| తరంగంబాడి | రైలులో చెన్నై, మళ్లీ మయిలాడుదురై, అక్కడి నుంచి రోడ్డు | నాలుగు రోజులు | కోట, నగర ద్వారం, చర్చిలు, గుడి | కోట ముందే | తక్కువ. ముందే చూసుకోవాలి |

బందరు: ఎక్కువమందికి ఇదే

ఈ ఐదింటిలో ఒక్క ఊరు చెప్పమంటే నేను బందరనే అంటాను. సముద్రం కోసం మాత్రం కాదు.

ఇది గోల్కొండ రాజ్యానికి రేవు. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాలు, బట్టలు ఇక్కడి నుంచే ఓడలెక్కాయి. 1605లోనే డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు దిగారు, ఆ తర్వాత ఫ్రెంచివారు చేరారు. ఇప్పుడు ఊళ్లో ఆటో ఎక్కి ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అంటే డ్రైవరు మారు మాట లేకుండా తీసుకెళతాడు. ఆ మూడు జాతుల పేర్లూ పేటలై ఊళ్లోనే ఉండిపోయాయి. మన హైదరాబాదు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణె దగ్గర మొదలై ఇక్కడికి వచ్చి ఆగుతుంది. గోల్కొండ సరుకు నడిచిన దిక్కూ ఇదే.

బందరు కోట అన్న పేరు విని ఖిలా వరంగల్ లాంటిది ఊహించుకోకండి. మిగిలింది కొన్ని శిథిలాలు. వెళ్లవలసింది డచ్చి సమాధుల కోసం. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, చుట్టూ అక్షరాలు. మన శాసనాల్లో అక్షరాన్ని రాతిలోకి తొలుస్తారు. ఇక్కడ అక్షరం చుట్టూ రాయిని చెక్కేసి అక్షరాన్ని పైకి నిలబెట్టారు. వేలితో తడిమితే తెలుస్తుంది. ఉదయం ఎనిమిదిలోపు వెళితే ఏటవాలు ఎండలో ఆ అక్షరాలు బాగా చదవవచ్చు. పన్నెండింటికి వెళితే తెల్లని రాయి తప్ప ఏమీ కనిపించదు.

ఈ ఊరు ఎందుకు ఇలా అయిందో తెలియాలంటే 1864 నవంబరు 1 రాత్రి సంగతి తెలియాలి. ఉప్పెన ఊరి మీదికి వచ్చింది. ముప్పై వేల మంది దాకా పోయారని చెబుతారు. దాని నుంచి రేవు మళ్లీ కోలుకోలేదు. 1977 నవంబరు 19న పక్కనున్న దివిసీమను ముంచిన ఉప్పెన అయితే ఇప్పటికీ ఇక్కడి పెద్దల నోట వినబడుతుంది. మర్యాదగా అడిగితే చెబుతారు. వినోదం కోసం అడగకండి.

బందరు ప్రయాణానికి అసలు విలువ వచ్చేది మాత్రం పెడనలో. పది కిలోమీటర్ల దూరం, కలంకారీ అద్దకం చేసేవాళ్ల ఊరు. వరంగల్ కొత్తవాడలో నేసే దరీల మీద కలంకారీ అచ్చు చూసినవాళ్లకు ఆ పని ఎలా సాగుతుందో ఇక్కడ మొదటి నుంచీ తెలుస్తుంది. ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. నలుపు కోసం పాత ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరవేస్తారు. ఆ కుండ దగ్గరికి వెళితే పులిసిన వాసన గుప్పుమంటుంది. ఎరుపు తీరు వేరు. పటిక నీటిలో అచ్చు ముంచి బట్టపై వేస్తే మొదట అంతగా ఏమీ కనబడదు. ఆ బట్టను రంగునిచ్చే మొక్క వేళ్లతో కలిపి ఉడికించినప్పుడు, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అచ్చు వేసే మనిషి ఒక చేత్తో అచ్చును మెత్త మీద అద్ది, బట్ట మీద పెట్టి, రెండో చేతి పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తాడు. పక్క అచ్చుతో అంచు కలిసిందా లేదా అని మళ్లీ చూసుకోడు. పిల్లలు కూడా ఇక్కడ అరగంట కదలకుండా నిలబడతారు.

కొనేటప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: చేతి అచ్చా, స్క్రీన్ ప్రింటా? రెండూ అమ్ముతారు, ధర తేడా బాగానే ఉంటుంది. చేతి అచ్చులో అంచులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఎక్కడో ఒక చోట ఉంటుంది. మీటరు పొడవునా ఒక్క తేడా కూడా లేకపోతే అది స్క్రీనేనని అనుమానించవచ్చు.

సముద్రం విషయానికి వస్తే మంగినపూడిలో అడుగున మెత్తని నల్లమట్టి. నీళ్లు తేటగా ఉండవు. లోతు మెల్లగా పెరుగుతుందన్న పేరు ఉంది కనుక పిల్లలున్నవాళ్లు ఇష్టపడతారు. ఫొటోల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం నచ్చదు. కార్తీక పౌర్ణమికి స్నానాలకు జనం విరగబడి వస్తారు. చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాలూ అదే రోజుల్లో. భక్తితో వెళ్లేవాళ్లకు అదే అదను. తక్కినవాళ్లు ఆ వారం తప్పించుకోవాలి, గదులు దొరకవు.

ఇంకో పూట మిగిలితే కూచిపూడి దగ్గరే. కారు ఉంటే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్లవచ్చు. అక్కడి వేణుగోపాలస్వామి గుడి బాగుంటుంది. తిరుగు ప్రయాణంలో తొక్కుడు లడ్డు కొనకుండా ఎవరూ రారు. శనగపిండి పూసను నేతిలో వేయించి, దంచి, బెల్లం పాకం పట్టి చేసేది బందరు లడ్డు. చక్కెరతో చేసినవీ అమ్ముతున్నారు, అడిగి తీసుకోండి.

మోటుపల్లి: ఓరుగల్లువాళ్ల సొంత రేవు

దీన్ని పట్నమని ఇప్పుడు ఎవరూ అనరు. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. ఒకప్పుడు కాకతీయుల ప్రధాన రేవు. మన కోటలోకి వచ్చిన కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు దిగిన చోటు ఇదే.

ఊరి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. అందులోని సంగతి ఇది: తుఫానుకు కొట్టుకొచ్చి తీరం ఎక్కిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారు, ప్రాణం కంటే ధనాన్ని ఎక్కువగా ఎంచి సముద్రానికి తెగించి వచ్చేవాళ్ల మీద దయతో మేము నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోము. కింద ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించారు. దయ నిజమే కావచ్చు. సుంకాల పట్టిక చూస్తే లెక్క కూడా తెలిసిన రాజని అర్థమవుతుంది. భయపడే వర్తకుడు పక్క రేవుకు పోతాడని ఆయనకు తెలుసు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు రాయితీలిస్తూ శాసనం వేయించాడు.

పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో తన యాత్రా వృత్తాంతంలో ముత్ఫిలి అని రాసింది ఈ ఊరి గురించేనని చరిత్రకారుల మాట. ఒక రాణి న్యాయంగా ఏలుతున్న రాజ్యమని, సాలెగూడు లాంటి సన్నని బట్ట ఇక్కడ నేస్తారని చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి. వజ్రాల లోయలోకి మాంసం విసిరి గద్దలతో పైకి తెప్పించే కథ కూడా అందులోనే ఉంది; అది నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇంత పెద్ద కథకు చూడవలసింది గంటన్నర సరుకే. శాసనం గుడి, కోదండరామాలయం, దారిలో చినగంజాం ఉప్పు కొఠారులు. కాకతీయుల చరిత్ర మీద ప్రేమ లేనివాళ్లను ఇక్కడికి తీసుకెళ్లడం వాళ్లకూ మీకూ శిక్షే. గుడి తలుపులు తెరిచి ఉండే వేళ కూడా చూసుకోవాలి. పల్లె గుళ్లు ఉదయం పూజ కాగానే మూసేస్తారు. పదిలోపు చేరడం మంచిది.

అందుకే మోటుపల్లిని విడిగా పెట్టుకోకుండా చీరాలతో కలపాలి. వరంగల్ మీదుగా చెన్నై వైపు వెళ్లే రైళ్లలో కొన్ని చీరాలలో ఆగుతాయి, ఎక్కడా మారనక్కర్లేదు. అక్కడి మగ్గాలు, 1921లో పన్నుకు ఎదురు తిరిగి ఊరు ఊరంతా ఖాళీ చేసి వెళ్లిన చీరాల–పేరాల ఉద్యమం కథ, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం, సాయంత్రానికి వాడరేవు సముద్రం. ఆ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు ఉన్నాయి. పరిశోధన చేసే విద్యార్థికి ఒక్క రోజు చాలదు. నీళ్లలో దిగాలంటే బాపట్ల దగ్గరి సూర్యలంక ఇసుక బాగుంటుంది. అయితే అక్కడ సెలవురోజుల్లో మునిగిపోయినవాళ్ల వార్తలు తరచూ వస్తుంటాయి. ఈత చెరువులో నేర్చుకున్న కుర్రవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పండి.

భీమిలి: పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

సాయంత్రం కాజీపేటలోనో వరంగల్‌లోనో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. అక్కడి నుంచి భీమిలి దాకా కుడివైపు సముద్రం కనిపిస్తూనే ఉండే రోడ్డు. దారి మాటకొస్తే ఈ ఐదింటిలో ఇంత సుఖమైనది లేదు.

గోస్తని నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు స్థావరం పెట్టుకున్నారు, 1825లో ఇంగ్లీషువారికి అప్పగించారు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. డచ్చి సమాధులు ఇక్కడా ఉన్నాయి, ఒడ్డుకు దగ్గరగా. బందరులో చూసినవాళ్లకు ఇవి రెండో స్థానమే. ఊళ్లో గడియార స్తంభం, దీపస్తంభం, పాత ఇళ్లు కొన్ని. రెండు గంటల నడక.

చరిత్ర లోతు ఊళ్లో కంటే దారిలో ఎక్కువ. తొట్లకొండ మీద రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం పునాదులు, స్తూపాలు ఉన్నాయి. పైదాకా వాహనం వెళుతుంది కనుక అమ్మానాన్నలకు కష్టం లేదు. కొండ మీద నుంచి కనిపించే సముద్రాన్ని చూస్తే భిక్షువులు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో చెప్పనక్కర్లేదు. భీమిలిని ఆనుకున్న పావురాలకొండకు మాత్రం ఎక్కాలి, మోకాళ్లు బాగున్నవాళ్లకే. దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు కూడా. గాలి, సముద్రం వేల ఏళ్లలో పేర్చిన ఇసుక అది, తొక్కితే రాలుతుంది. అంచుల మీదికెక్కి ఫొటోలు దిగకండి.

లోపమేమిటంటే భీమిలి ఇప్పుడు విశాఖలో కలిసిపోతోంది. పాలనపరంగా మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగమే. ఆదివారం సాయంత్రం వెళితే చిన్న ఊరికి వచ్చామన్న భావనే ఉండదు. మంగళవారమో బుధవారమో వెళ్లగలిగితే ఊరు వేరేగా ఉంటుంది. అలల లాగుడు ఈ తీరమంతా బలంగా ఉంటుంది కాబట్టి మోకాలి లోతు దాటవద్దు.

యానాం: సముద్రం కాదు, గోదావరి

యానాం వెళ్లి సముద్రం ఏదని వెతికేవాళ్లు ఉంటారు. ఊరు గౌతమి పాయ ఒడ్డున ఉంది, సముద్రం ఇంకా దిగువన. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది.

ఫ్రెంచివారు 1723లో వచ్చి, మధ్యలో వదిలేసి, 1731లో మళ్లీ పట్టుకున్న ముప్పై చదరపు కిలోమీటర్ల ముక్క ఇది. 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చాక, ఆ చట్టం వర్తించని యానాంకు తెలుగు కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చి బాల్యవివాహాలు జరిపించుకున్న చరిత్ర కూడా దీనికి ఉంది. కనిపించే పాత కట్టడాల్లో 1846 నాటి చర్చి ముఖ్యం. మిగతా ఊరంతా ఇతర గోదావరి పట్నాల లాగే ఉంటుంది, కాస్త శుభ్రంగా.

యానాంను గెలిపించేది చుట్టుపక్కల. కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడక, పడవ. ఆటుపోట్ల వేళను బట్టి పడవ తిప్పుతారు కనుక ఉదయాన్నే కనుక్కోవాలి. కోరంగి కూడా ఒకప్పుడు పెద్ద రేవే, 1839 తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. ద్రాక్షారామం దగ్గరే, శాసనాలు చదివే అలవాటున్నవాళ్లకు ఆ గుడి గోడలు, స్తంభాలే ఒక గ్రంథాలయం. గుడి కావాలనే అత్తగారు, అడవి కావాలనే పిల్లలు ఉన్న ఇంటికి ఇది చక్కగా కుదురుతుంది.

పులస చేప కోసం వెళ్లాలనుకునేవాళ్లకు ఒక చిక్కు. పులస వచ్చేది వరదనీరు వచ్చే నెలల్లోనే, ఆ నెలల్లోనే యానాం వీధుల్లోకి గోదావరి కూడా వస్తుంది. ధర సంగతి సరేసరి. చేప కోసమైతే ఆగస్టు, ఊరు కోసమైతే జనవరి. ఇంకో మాట: పన్ను తేడా వల్ల ఇక్కడ మద్యం చవక, వారాంతాల్లో ఆ బాపతు రద్దీ ఉంటుంది. కుటుంబంతో వెళ్లేవాళ్లు శనివారం రాత్రి బస కాకినాడలో పెట్టుకుంటే హాయి.

తరంగంబాడి: నాలుగు రోజులు ఉంటేనే

కోట, ఊరి ద్వారం, వీధి, చర్చి, గుడి అన్నీ ఒక్క చోట నిలబడి ఉండి, ఎదురుగా సముద్రం ఉన్న ఊరు కావాలంటే ఇదొక్కటే. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు డేనిష్ వర్తకులకు ఇచ్చిన చోటు. ఆ రాజు తెలుగులో కావ్యాలు రాసినవాడు. తమిళ తీరంలో డెన్మార్కువాళ్లకు నేల ఇచ్చిన చేయి తెలుగు కవిదన్నమాట. డాన్స్‌బర్గ్ కోట రంగు వేసి చక్కగా ఉంది. 1718 నాటి చర్చి, పద్నాలుగో శతాబ్దపు మాసిలామణినాథర్ గుడి కొన్ని నిమిషాల నడకలోనే. గుడిని సముద్రం చాలావరకు కోసేసింది, ఇప్పుడు రాళ్లు పేర్చి కాపాడుతున్నారు. 1706లో ఇక్కడ దిగిన జర్మన్ క్రైస్తవ బోధకుడు జీగెన్‌బాల్గ్ బైబిల్ కొత్త నిబంధనను తమిళంలో ఇక్కడే అచ్చు వేయించాడు.

ఊరంతా ఒక్క పూటలో నడిచేయవచ్చు. అక్కడే చిక్కు: ఒక్క పూట ఊరికి రెండు రాత్రుల రైలు. ఒక్క దాని కోసమే అయితే దండగ. చిదంబరం, నాగూరు, వేళాంగణ్ణి, కారైక్కాల్‌లలో మీకు కావలసినవి కలుపుకుంటే లెక్క సరిపోతుంది. తమిళం రాకపోయినా ఇబ్బంది లేదు, కానీ కోట సెలవు రోజు ఏదో ముందే చూసుకోండి.

ఎవరు ఎటు?

ఇద్దరు ముగ్గురు స్నేహితులు, ఒక శనివారం, ఒక ఆదివారం, పెద్దగా డబ్బు లేదు: బందరు. శుక్రవారం రాత్రి విజయవాడ చేరి, తెల్లవారి మొదటి బస్సులో వెళ్లండి.

అమ్మానాన్న, పిల్లలు, బోలెడు సామాను: భీమిలి. బస విశాఖలో పెట్టుకుని ఒక రోజంతా భీమిలి దారికి కేటాయించండి. అచ్చంగా చిన్న ఊళ్లోనే నిద్రలేవాలన్న పట్టుదల ఉంటే తప్ప భీమిలిలో గది కోసం కష్టపడనక్కర్లేదు.

చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు: మోటుపల్లి, చీరాల, వేటపాలెం. పాఠంలో ఒక్క వాక్యంగా చదివిన అభయ శాసనాన్ని రాతి మీద చూడడం వేరే సంగతి. పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఖిలా వరంగల్ ఒకసారి మళ్లీ చూపించి తీసుకెళితే ఇంకా మంచిది.

కొత్తగా పెళ్లైనవాళ్లు యానాం అడుగుతుంటారు. పడవ, నది, ప్రశాంతత కావాలంటే సరే. సముద్రపు ఒడ్డున సాయంత్రం కావాలంటే కాదు.

సొంత కారు, మూడు రోజుల సెలవు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది, ఎక్కువమంది ఆలోచించనిది. ఖమ్మం, విజయవాడ మీదుగా మొదటి రోజు బందరు చేరండి. రెండో రోజు ఉదయం పెడన చూసుకుని, 216వ నంబరు తీర రహదారి పట్టి, పులిగడ్డ దగ్గర కృష్ణ వంతెన దాటి, రేపల్లె మీదుగా బాపట్ల. రాత్రి బస అక్కడే. మూడో రోజు పొద్దున్నే మోటుపల్లి చూసుకుని తిరుగు ప్రయాణం. గోల్కొండ రేవు, కాకతీయుల రేవు రెండూ ఒక్క దారిలో అయిపోతాయి. నడిపేవాళ్లు ఇద్దరుంటేనే పెట్టుకోండి. మూడో రోజు ఇంటికి చాలా దూరం.

మేడారం జాతర జరిగే రోజుల్లో వరంగల్, కాజీపేట స్టేషన్లలో రైలెక్కడం సాహసమే. ఆ రోజుల్లో వెళ్లాలనుకుంటే టికెట్లు రెండు నెలల ముందే తీసుకోండి, లేదా వేరే నెలకు జరుపుకోండి. మంచిర్యాల, పెద్దపల్లి వైపువాళ్లు వరంగల్ దాకా వచ్చి మారే పని పెట్టుకోకుండా, తమ స్టేషన్ నుంచే విజయవాడ వెళ్లే రైలు ఉందేమో ముందు చూసుకోవాలి. బల్లార్షా నుంచి వచ్చే రైళ్లలో చాలావరకు అటే వెళతాయి.